సౌరచక్రం ఒక్కటి, పిల్లలు వేలు: అంతరిక్ష వాతావరణం, పుట్టు గుండె లోపాలపై ఒక కేస్ స్టడీ

1995 నుంచి 2005 దాకా పుట్టిన పిల్లల్లో గుండె లోపాల లెక్కను సూర్యుడి చురుకుదనంతో, భూ అయస్కాంత క్షేత్రంలో వచ్చే అలజడితో, విశ్వకిరణాల తీవ్రతతో పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2009లో అంతర్జాతీయ హృద్రోగ పత్రికలో అచ్చయింది. ఇజ్రాయెల్‌కు చెందిన స్టూపెల్ బృందం చేసిన పని అది. వీటి మధ్య సహసంబంధం ఉందని వాళ్లు రాశారు. పెద్ద సౌర తుఫాను వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ కడుపులో బిడ్డకు ఏమన్నా అవుతుందా అనే ప్రశ్న కూడా వెంటే వస్తుంది కాబట్టి, ఈ తరహా పోలికకు ఎంత బలం ఉందో విప్పి చూడటం అవసరం.

ఇక్కడ కేసుగా తీసుకున్నది ఆ పదకొండేళ్ల కాలాన్ని. ఆ బృందం లెక్కల్ని తిరగదోడే ఉద్దేశం లేదు. అదే కాలానికి, అదే రకం సూచీలతో ఏ ఆసుపత్రివాళ్లు తమ రిజిస్టర్ పక్కన పెట్టి చూసినా ఏం బయటపడుతుందో, ఎందుకు బయటపడుతుందో అంకెలతో చూపిస్తాం. మా నిర్ణయం ముందే చెప్పేస్తే చదవడం తేలిక: ఈ రకం డేటాలో పిల్లలు ఎంతమంది అన్నది నమూనా సైజు కాదు. ఎన్ని తుఫానులు, ఎన్ని సౌరచక్రాలు (సూర్యుడి చురుకుదనం సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గే చక్రాలు) చూశారన్నదే నమూనా సైజు.

పదకొండు అంకెలతో ఒక పరీక్ష

ఆ పదకొండేళ్ల సగటు సౌరమచ్చల సంఖ్యలు, బ్రస్సెల్స్ కేంద్రం ఇచ్చే కొత్త కొలత ప్రకారం, వరుసగా ఇవి: 1995లో 25.1, తర్వాత 11.6, 28.9, 88.3, 136.3, 2000లో 173.9, తర్వాత 170.4, 163.6, 99.3, 65.3, 2005లో 45.8. ఇరవై మూడో సౌరచక్రం 1996లో మొదలై 2008 చివర్లో ముగిసింది. అంటే ఈ పదకొండేళ్లలో ఉన్నది ఒకే ఒక్క కొండ: ఎక్కడం ఒకసారి, దిగడం ఒకసారి.

ఇప్పుడు ఈ అంకెల్ని ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఒక వరుసలో వేయండి. పక్క వరుసలో 1995, 96, 97లకు సున్నా, 1998 నుంచి 2005 దాకా ఒకటి వేయండి. ఈ రెండో వరుసలో సూర్యుడి ప్రమేయం ఏమీ లేదు. 1998లో ఆసుపత్రికి కొత్త ఎకో (గుండె అల్ట్రాసౌండ్) యంత్రం వచ్చిందనుకోండి, అంతే. దానివల్ల ఆ ఏడాది నుంచి గుండె లోపాలు ఎక్కువగా నమోదయ్యాయి. రెండు వరుసల మధ్య సహసంబంధ గుణకం ఎంత వస్తుంది? 0.73. పదకొండు పాయింట్లకు 0.60 దాటితే చాలు, పాఠ్యపుస్తకం పట్టిక ప్రకారం అది గణాంకపరంగా ప్రాముఖ్యం ఉన్న ఫలితం. పి-విలువ, అంటే ఏ సంబంధమూ లేకున్నా ఇంత గుణకం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం, 0.01 దగ్గర పడుతుంది. యంత్రం 1999లో వచ్చినా 0.69. 1997లో వస్తే 0.59, కాస్తలో తప్పిపోతుంది. 2000లో వస్తే 0.52.

ఇంకో వరుస వేయండి: 1998 నుంచి 2002 దాకా ఒకటి, మిగతా ఏళ్లకు సున్నా. అయిదేళ్లపాటు గుండె శబ్దంలో తేడా ఉన్న ప్రతి బిడ్డకూ ఎకో తీయించి, తర్వాత ఆ పద్ధతి మానేసిన ఆసుపత్రి అనుకుందాం. గుణకం 0.85.

ఇది ఊహ కోసం ఊహ కాదు. అమెరికాలో పిండి, బ్రెడ్ వంటి ధాన్య పదార్థాల్లో ఫోలిక్ యాసిడ్ కలపడం 1998 జనవరి నుంచి తప్పనిసరి అయింది. కెనడాలో కూడా అదే ఏడాది చివరికి అమల్లోకి వచ్చింది. కెనడాలో 1990 నుంచి 2011 దాకా పుట్టుకలను చూసిన అధ్యయనంలో, ఆ మార్పు తర్వాత క్రోమోజోమ్ లోపాలు లేని గుండె లోపాలు 11 శాతం తగ్గాయి. అంటే 1998లో ఒక చోట ఎకో వల్ల లెక్క పైకి, ఇంకో చోట ఫోలిక్ యాసిడ్ వల్ల కిందికి. మొదటి చోట సౌరమచ్చలు ‘పెంచినట్టు’, రెండో చోట ‘తగ్గించినట్టు’ కనిపిస్తాయి. సూర్యుడు మాత్రం రెండు చోట్లా ఒకడే.

నెలవారీగా చేస్తే 132 పాయింట్లు వస్తాయి కదా అనవచ్చు. వస్తాయి, కానీ అవి విడివిడి పాయింట్లు కావు. ఈ నెల సౌరమచ్చలు ఎక్కువుంటే వచ్చే నెలా ఎక్కువే ఉంటాయి. నిజంగా పనికొచ్చే పాయింట్ల సంఖ్యను ఉజ్జాయింపుగా ఇలా కట్టాలి: రెండు శ్రేణుల్లోనూ ఒక నెల ఎడంతో ఉండే స్వీయ సహసంబంధాలను గుణించండి. ఆ లబ్ధాన్ని ఒకటిలోంచి తీసేస్తే వచ్చినదాన్ని, ఒకటికి కలిపితే వచ్చినదానితో భాగించి, మొత్తం పాయింట్లతో హెచ్చించండి. ఒకటి 0.95, రెండోది 0.80 అయితే లబ్ధం 0.76. అప్పుడు 132 కాస్తా 18 అవుతుంది. 132 పాయింట్లకు 0.17 గుణకం వచ్చినా ప్రాముఖ్యం ఉన్నట్టు చూపే సాఫ్ట్‌వేర్, 18 పాయింట్లకు 0.47 అడగాలి. ఈ సవరణ లేని పట్టికను పక్కన పెట్టేయడమే మంచిది.

గుండె లోపం అని దేన్ని లెక్కపెట్టారు

మొత్తం వ్యవహారంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. అంతరిక్షం గురించి రాసేవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

1930ల మొదట్లో వెయ్యి సజీవ జననాలకు 0.6గా నమోదైన గుండె లోపాల రేటు, 1995 తర్వాత 9.1కి చేరినట్టు ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణ చెబుతుంది. పిల్లల గుండెలు అరవై ఏళ్లలో పదిహేను రెట్లు పాడవలేదు. స్టెతస్కోపు నుంచి కలర్ డాప్లర్ దాకా వచ్చాం. ఎకో ఎంత కదిలిస్తుందో చెప్పే ఉదాహరణ ఇజ్రాయెల్‌లోనే ఉంది. 1995లో వచ్చిన అధ్యయనంలో 1,053 మంది నవజాత శిశువులకు, లక్షణాలతో పనిలేకుండా, అందరికీ కలర్ డాప్లర్ ఎకో తీశారు. 56 మందిలో కింది గదుల మధ్య కండర గోడకు చిన్న రంధ్రం కనిపించింది. అంటే వెయ్యికి 53. వాటిలో అత్యధికం ఏడాది తిరక్కుండానే వాటంతటవే మూసుకున్నాయి. ఈ ఒక్క రకం రంధ్రమే, వెతికితే, అన్ని గుండె లోపాల మామూలు రేటుకు అయిదారు రెట్లు దొరుకుతుంది. డ్యూటీలో ఉన్న డాక్టర్ ఎంతమందిని ఎకోకు పంపితే రేటు అంత.

కాబట్టి డేటా తెరిచే ముందు ఏవి తీసేయాలో రాసి పెట్టుకోవాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో తెరిచి ఉన్న డక్టస్ (కడుపులో ఉండగా పుపుస ధమనినీ మహాధమనినీ కలిపే నాళం), అంటే పీడీఏ, తీసేయాలి. అది ఏర్పడటంలో వచ్చిన లోపం కాదు, పుట్టాక మూసుకోవడంలో జరిగిన ఆలస్యం. నెలలు నిండిన బిడ్డలో సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆ నాళం పనిచేయడం ఆగిపోతుంది. తక్కువ బరువు పిల్లలు ఎక్కువున్న నెలలో పీడీఏలు పెరుగుతాయి. ఫొరామెన్ ఒవేల్ (కడుపులో అందరికీ పై గదుల మధ్య ఉండే దారి) తెరిచి ఉండటం, పై గదుల మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల లోపు రంధ్రం, కండర గోడలో చిన్న వీఎస్‌డీ (కింది గదుల మధ్య రంధ్రం) కూడా తీసేయాలి.

మిగలాల్సినవి: మహాధమని, పుపుస ధమని తారుమారైనవి, టెట్రాలజీ ఆఫ్ ఫాలో, ట్రంకస్, ఎడమవైపు గుండె ఎదగనివి, ఏవీ కెనాల్ లోపం, పుపుస సిరలన్నీ తప్పుచోట కలిసినవి, మహాధమని సన్నబడినవి. ఆపరేషనో కేథటర్ చికిత్సో లేకుంటే నిలబడని కేసులు ఇవి. వీటిని ఏ యంత్రమున్నా లేకున్నా ఎవరో ఒకరు పట్టుకుంటారు, లేదా పోస్ట్‌మార్టంలో తేలతాయి. మోటు లెక్కకు వెయ్యికి 3 అనుకోవచ్చు. డౌన్ సిండ్రోమ్, 22క్యూ11 డిలీషన్ (22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోవడం) ఉన్నవాళ్లను వేరే గుంపుగా పెట్టాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, దాని మూలం గర్భధారణకు ముందే జరిగిన కణవిభజనలో ఉంది. కాబట్టి వాళ్లకు వర్తించే కాలం వేరు.

సజీవ జననాలనే లెక్కిస్తే ఇంకో బొక్క. 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫ్ఫా స్కాన్‌లో తీవ్రమైన లోపం కనబడితే కొన్ని కుటుంబాలు గర్భం వద్దనుకుంటాయి. మన దేశంలో 2021 చట్ట సవరణతో గడువు 20 వారాల నుంచి కొన్ని వర్గాలకు 24 వారాలకు పెరిగింది. పిండంలో గణనీయమైన లోపాలుంటే మెడికల్ బోర్డు అనుమతితో ఆ తర్వాత కూడా వీలుంది. ఈ మార్పుకు ముందూ తర్వాతా పుట్టిన పిల్లల రేట్లను కలిపి గీత గీస్తే, 25వ సౌరచక్రం పైకెక్కుతున్న 2021లోనే తీవ్ర లోపాలు తగ్గినట్టు కనిపించవచ్చు. ఆగిపోయిన గర్భాలనూ, మృతశిశువులనూ లవంలో చేర్చాల్సిందే.

పుట్టినరోజు కాదు, గుండె తయారైన రోజులు

గర్భధారణ తర్వాత మూడు వారాలకు గుండె గొట్టంగా ఏర్పడి, 22వ రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలుపెడుతుంది. నాలుగో వారంలో మెలి తిరుగుతుంది. గోడలు కట్టుకోవడం, పెద్ద రక్తనాళాలు విడిపోవడం ఎనిమిదో వారానికి పూర్తవుతాయి. కాబట్టి చూడాల్సిన కిటికీ 21 నుంచి 56వ రోజు దాకా. ఆఖరి నెలసరి నుంచి లెక్కించే వారాలైతే దీనికి రెండు కలపాలి: 5 నుంచి 10 వారాలు. ఈ రెండు వారాల తేడా మరిచిపోతే కిటికీలో మూడో వంతుకు పైగా తప్పుచోట పడుతుంది.

మార్చే పద్ధతి ఇది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ప్రకారం పుట్టేనాటికి ఎన్ని వారాలు నిండాయో తీసుకోండి. అందులోంచి రెండు తీసేసి ఏడుతో గుణించండి. అన్ని రోజులు పుట్టినరోజు నుంచి వెనక్కి వెళ్తే గర్భధారణ తేదీ. స్కాన్ లేక అందరికీ 266 రోజులు అనుకుంటే, 32 వారాలకు పుట్టిన బిడ్డ విషయంలో ఎనిమిది వారాలు తప్పుతారు. అంటే మొత్తం కిటికీయే జారిపోతుంది. గుండె లోపాలున్న పిల్లలు నెలలు నిండకుండా పుట్టడం మామూలు కంటే ఎక్కువ కాబట్టి, ఈ తప్పు సరిగ్గా కేసుల్లోనే పేరుకుంటుంది.

2024 మే 10 తుఫాను తీసుకుందాం. ఆ రోజు 21 నుంచి 56 రోజుల మధ్య ఉన్న పిండాలు మార్చి 15, ఏప్రిల్ 19 మధ్య పడ్డవి. నెలలు నిండి పుట్టి ఉంటే 2024 డిసెంబర్ 6 నుంచి 2025 జనవరి 10 లోపు పుట్టాలి. అదే ఏడాది అక్టోబర్ 10 తుఫానుకు చేస్తే గర్భధారణ ఆగస్టు 15 నుంచి సెప్టెంబర్ 19, పుట్టుక 2025 మే 8 నుంచి జూన్ 12. ఒకే ఏడాదిలో రెండు పెద్ద తుఫానులు, రెండు వేర్వేరు కాలాల్లో పుట్టిన పిల్లలు. పరిశోధకుడికి ఇది అరుదుగా దొరికే అవకాశం. మొదటి గుంపులో కనిపించినది రెండో గుంపులో కనిపించకపోతే ఆ మొదటిది చలికాలానిదో, ఎండాకాలానిదో అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఈ రకం అధ్యయనాల్లో ‘పుట్టిన నెలలో’ సౌర చర్యతో పోల్చిన పట్టిక కనిపిస్తే వెంటనే అనుమానించాలి. పుట్టే నెలకు గుండె తయారై ఆరు నెలలు దాటి ఉంటుంది.

సూచీల్లో ఉండే ఉచ్చులు

భూ అయస్కాంత అలజడికి అందరూ ముందుగా తీసుకునేది కేపీ సూచీ: మూడు గంటలకోసారి, 0 నుంచి 9 దాకా, పదమూడు పరిశీలనశాలల నుంచి, పోట్స్‌డామ్‌లో తయారవుతుంది. దాన్ని సగటు చేయకూడదు, ఎందుకంటే అది సమానమైన మెట్ల కొలత కాదు. దాని సమాన కొలత ఏపీ సూచీ (మన రాష్ట్రానికీ దీనికీ సంబంధం లేదు). కేపీ 5 అంటే ఏపీ 48, కేపీ 7 అంటే 132, కేపీ 9 అంటే 400. కేపీ 9, కేపీ 1 ఉన్న రెండు పూటల సగటు 5 అని రాస్తే అసలు తుఫాను మాయమవుతుంది. సగటుకు ఏపీ వాడాలి.

మన అక్షాంశాలకు ఇంకా తగినది డీఎస్‌టీ, అంటే తుఫానులో భూమి అయస్కాంత క్షేత్రం ఎన్ని నానోటెస్లాలు తగ్గిందో చెప్పే సూచీ. హెర్మానస్, కకియోకా, హొనొలులు, సాన్ హువాన్ అనే నాలుగు తక్కువ అక్షాంశ కేంద్రాల నుంచి క్యోటోలో గంటగంటకూ కడతారు. దీనికి తక్షణ, తాత్కాలిక, తుది అని మూడు రూపాలున్నాయి. పాత ఏళ్లకు తుది, కొత్త ఏళ్లకు తక్షణ రూపం కలిపి వాడితే అతుకు దగ్గర మెట్టు వస్తుంది. సౌరమచ్చలదీ అదే కథ. 2015 జులైలో కొలత మొత్తాన్ని సవరించారు, పాత అంకెల కంటే కొత్తవి బాగా పెద్దవి. 2014 దాకా పాత ఫైలు, ఆ తర్వాత కొత్త ఫైలు అతికించిన పట్టిక చెత్తబుట్టకే.

సూర్యుడి చురుకుదనానికి ఇంకో కొలత అయిన ఎఫ్10.7 రేడియో ప్రవాహానికి ‘గమనించిన’, ‘సవరించిన’ అని రెండు వరుసలుంటాయి. గమనించిన దానిలో భూమి సూర్యుడికి దగ్గర దూరం జరగడం వల్ల జనవరిలో ఎక్కువ, జులైలో తక్కువ అయ్యే ఏడు శాతం ఊగిసలాట దాగి ఉంటుంది. జలుబు, ఎండ, పెళ్లిళ్లు, ఏ రుతువుతో నడిచేదైనా దానితో కొంత జతపడుతుంది. భూ అయస్కాంత అలజడికి కూడా సొంత రుతువులున్నాయి: మార్చి, సెప్టెంబర్ విషువత్తుల దగ్గర ఎక్కువ.

విశ్వకిరణాల విషయంలో ఒక తర్కదోషం తరచూ కనిపిస్తుంది. సౌరమచ్చలతో ఒక దిశలో, విశ్వకిరణాలతో ఎదురు దిశలో సంబంధం వచ్చిందని దాన్ని రెండు సాక్ష్యాలుగా చెబుతారు. సూర్యుడు చురుగ్గా ఉంటే విశ్వకిరణాలు తగ్గుతాయి. పెద్ద తుఫాను వచ్చిన గంటల్లో నేల మీద వాటి లెక్క ఇంకా పడిపోతుంది. ఒకే నాణేన్ని బొమ్మవైపు ఒకసారి, బొరుసువైపు ఒకసారి లెక్కపెట్టినట్టు ఇది.

ఎన్ని కేసులు కావాలి

ఒక తుఫాను వల్ల తీవ్రమైన లోపాలు 20 శాతం పెరిగాయా లేదా అని 80 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే ఎంత డేటా కావాలో వేళ్ల మీద లెక్కేయవచ్చు. పెరిగిన నిష్పత్తి 1.2కు వర్గమూలం 1.0954. ఒకటి తీసేసి వర్గం చేస్తే 0.0091. నాలుగుతో గుణిస్తే 0.0364. 7.84ను (80 శాతం నమ్మకానికి గణాంకశాస్త్రం వాడే స్థిరసంఖ్య) దీనితో భాగిస్తే 215. తుఫాను లేకపోయినా ఆ 36 రోజుల కిటికీలో మామూలుగానే 215 తీవ్ర కేసులు రావాల్సినంత జనాభా కావాలన్నమాట. వెయ్యికి 3 చొప్పున 72 వేల పుట్టుకలు, ఏడాదికి 7.3 లక్షలు. ఒక పెద్ద రాష్ట్రం మొత్తం. 50 శాతం పెరుగుదలైతే 39 కేసులు, ఏడాదికి 1.3 లక్షల పుట్టుకలు చాలు. 10 శాతమైతే 823 కేసులు, ఏడాదికి 28 లక్షలు. ఏడాదికి అయిదారు వేల కాన్పులు జరిగే ఆసుపత్రికి ఆ కిటికీలో వచ్చేవి ఒకటో రెండో. అక్కడ మూడు వస్తే అది వార్త కాదు.

అన్ని లక్షల మంది దొరికినా తుఫాను మాత్రం ఒక్కటే. ఒకే రోజు పిండదశలో ఉన్నవాళ్లందరికీ ఒకే ‘మోతాదు’. పొగతాగే తల్లి, తాగని తల్లి అన్నట్టు పక్కపక్కన పోల్చడానికి వీల్లేదు. ఆ వారాల్లో ఇంకేది జరిగినా, వడగాలి కావచ్చు, ఫ్లూ కావచ్చు, అది కూడా అందరికీ కలిసే తగులుతుంది. అందుకే తుఫానులు పోగేయాలి. డీఎస్‌టీ మైనస్ 300 కంటే కిందికి పోయినవి గత నాలుగు దశాబ్దాల్లో ఎన్నో లేవు. వాటిలో ముఖ్యమైనవి: 1989 మార్చి (మైనస్ 589, క్యూబెక్‌లో కరెంటు పోయిన తుఫాను), 1991 నవంబర్, 2001 మార్చి చివర, 2003 అక్టోబర్, నవంబర్, 2004 నవంబర్. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు నిశ్శబ్దం. మళ్లీ 2024 మే, అక్టోబర్. 2003లో రెండింటి కిటికీలూ ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి విడివిడిగా లెక్కపెట్టలేం.

దీనికి సరిపోయే రిజిస్టర్లు ఉత్తరాది దేశాల్లో ఉన్నాయి. ఫిన్లండ్ పుట్టుకతో వచ్చే లోపాల రిజిస్టర్ 1963 నుంచి, నార్వే జనన రిజిస్టర్ 1967 నుంచి నడుస్తున్నాయి. పైగా అక్కడ తుఫాను నేల మీద గట్టిగా తగులుతుంది. నార్వేలోని ట్రోమ్సో వంటి అరోరా (ధ్రువకాంతులు కనిపించే) మండలంలో అలజడి దక్షిణాది పట్టణాల కంటే పెద్దది. కారణం నిజంగా తుఫానే అయితే ఉత్తరానికి పోయేకొద్దీ ప్రభావం పెరగాలి. అక్షాంశంతో మెట్లు మెట్లుగా పెరగని ‘ప్రభావం’ క్యాలెండర్‌ది మాత్రమే.

లెక్క కట్టే క్రమం

రోజువారీ గర్భధారణ గుంపులుగా కేసుల సంఖ్య తీసుకుని, ఆ గుంపులోని మొత్తం పుట్టుకల లాగరిథమ్‌ను ఆఫ్‌సెట్‌గా పెట్టి నెగటివ్ బైనోమియల్ రిగ్రెషన్ (కేసుల సంఖ్యల్లాంటి లెక్కలకు వాడే గణాంక పద్ధతి) చేయాలి. నెలలకు ఒక గుంపు గుర్తులు, ఏళ్ల పొడుగునా సాఫీగా వంగే ఒక వక్రరేఖ, ఆ 36 రోజుల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత చేర్చాలి. వక్రరేఖ వంపులు ఎక్కువైతే సౌరచక్రాన్ని మింగేస్తుందని కొందరి అభ్యంతరం. మింగనివ్వండి. చక్రం ఎటూ ఎకో యంత్రాలతో కలిసిపోయింది, మనకు పనికొచ్చే సమాచారమంతా రోజుల లెక్కన వచ్చిపోయే తుఫానుల్లోనే ఉంది.

ఏ సూచీ, ఏ లోపం, ఏ కిటికీ అన్నది ముందే ఒక్కటి ఖరారు చేసి, తేదీతో నమోదు చేసుకోవాలి. అయిదు సూచీలు, ఎనిమిది రకాల లోపాలు, గర్భంలో పది నెలలు, ఆడా మగా విడివిడిగా చూస్తే 800 పోలికలు. ఏ సంబంధమూ లేకున్నా వాటిలో నలభై ‘ప్రాముఖ్యంతో’ బయటికొస్తాయి. ఆ నలభైలోంచి అందమైన మూడు ఏరి వ్యాసం రాయడం కష్టమేమీ కాదు.

రెండు ఉత్తుత్తి పరీక్షలు తప్పక పెట్టాలి. ఒకటి, గుండె తయారైపోయిన ఏడు, ఎనిమిది నెలల సూచీతో అదే లెక్క. అక్కడా ‘ప్రభావం’ వస్తే మొదటిది అబద్ధం. రెండు, సూచీ శ్రేణి మొత్తాన్ని చుట్టు తిప్పి, ఒక యాదృచ్ఛిక సంఖ్యలో రోజులు పక్కకు జరిపి, వెయ్యిసార్లు లెక్క కట్టడం. అసలు ఫలితం ఆ వెయ్యిలో ఏ స్థానంలో నిలిచిందో అదే నిజమైన పి-విలువ. చుట్టు తిప్పడంలో సౌర శ్రేణి తనలో తాను ముడిపడి ఉండే గుణం చెదరదు కాబట్టి, విడి రోజుల్ని కలగాపులగం చేయడం కంటే ఇది కచ్చితం.

భౌతికంగా చూస్తే

2024 మేలో డీఎస్‌టీ మైనస్ 400 నానోటెస్లాలు దాటింది. హైదరాబాద్ దగ్గర భూమి సొంత క్షేత్రం 40 వేలకు పైగా. అంటే ఒక శాతం మార్పు, కొన్ని గంటలపాటు. రైలెక్కి ఢిల్లీ వెళ్తే క్షేత్రం అంతకు ఎన్నో రెట్లు మారుతుంది. 1.5 టెస్లా ఎమ్మారై యంత్రంలో అది 150 కోట్ల నానోటెస్లాలు. కెనడాలోని ఒంటారియోలో 14 లక్షలకు పైగా పుట్టుకలను పరిశీలించి 2016లో వచ్చిన అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో ఎమ్మారై తీయించుకున్నవారి పిల్లల్లో పుట్టు లోపాలు పెరగలేదు. ఇది బలమైన ఎదురు వాదన, కానీ ముగింపు వాదన కాదు. తీవ్రత కాదు, నెమ్మదిగా ఊగే లయ ముఖ్యం, అది మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ మీద పనిచేస్తుందని ప్రతిపాదించేవాళ్లున్నారు. పిండం గుండె గోడల దాకా ఆ గొలుసును చూపించాల్సిన బాధ్యత మాత్రం వాళ్లదే.

రేడియేషన్ వైపు చూస్తే దక్షిణ భారతం భూమ్మీద బాగా కాపాడబడిన చోటు. ఇక్కడ దృఢత్వం (భూమి అయస్కాంత క్షేత్రాన్ని దాటుకుని రాగల సత్తా) సుమారు 17 గిగావోల్టులు మించిన కిరణాలే నిటారుగా లోపలికి రాగలవు, ఇజ్రాయెల్‌లో ఆ అడ్డు 11కు కాస్త లోపు. పిండంలో అంగలోపాలు రావడానికి అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంస్థ చూపే హద్దు సుమారు 100 మిల్లీగ్రేలు. విశ్వకిరణాల నుంచి నేల మీద మనిషికి ఏడాది మొత్తంలో ప్రపంచ సగటున అందేది 0.4 మిల్లీసీవర్టు లోపు. హైదరాబాద్ నుంచి అమెరికా దాకా విమానంలో ఒకవైపు ప్రయాణానికి 0.1 లోపే. నెలకు ఎన్నోసార్లు ధ్రువ మార్గాల్లో ఎగిరే విమాన సిబ్బందికి లెక్క వేరు. వాళ్లకు గర్భం అని తెలియగానే డ్యూటీ మార్చడానికి నిబంధనలున్నది అందుకే.

తెలుగు నేల మీద ఇలాంటి లెక్క చేయబోతే

మేనరికం గుండె లోపాల ముప్పును పెంచుతుంది. అయినా ఈ పోలికను అది చెడగొట్టదు, ఎందుకంటే మేనరికాలు తుఫానులతోపాటు పెరిగి తగ్గవు. తప్పుదారి పట్టించేవి కాలంతో కదిలేవే. ఏప్రిల్, మే ఎండలు ఒకటి. ఆషాఢంలో కొత్త జంటలను వేరుగా ఉంచే ఆచారం ఇంకొకటి: దానివల్ల మొదటి కాన్పుల వాటా నెలనెలకూ మారుతుంది, తల్లి వయసూ మారుతుంది. కాబట్టి ఎన్నో కాన్పు అన్నది ప్రతి గుంపులోనూ చేర్చాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంతకు ముందు 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ రెండూ గుండె లోపాల గుర్తింపును మెట్టులా పెంచే రకం మార్పులే. 2014 ఏప్రిల్‌లో 24వ సౌరచక్రం శిఖరానికి చేరింది. ఏ జిల్లా లెక్కల్లోనైనా 2013, 2014లో గుండె లోపాలు పెరిగి కనిపిస్తే ముందు ఆ జిల్లాకు ఎకో సదుపాయం ఎప్పుడొచ్చిందో అడగాలి.

గర్భిణి అడిగితే

తుఫాను వార్త చూసి వచ్చిన ఆమెకు గ్రహణం నాడు చెప్పినట్టు గదిలో కూర్చోమనాల్సిన పని లేదు, తలుపులు వేసినంత మాత్రాన భూమి అయస్కాంత క్షేత్రం ఆగదు కూడా. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, అదే ఓపీ చీటీ మీద పనికొచ్చేవి రాయించుకోవచ్చు. గర్భానికి ముందే షుగర్ ఉంటే బిడ్డకు గుండె లోపం ముప్పు మూడు నాలుగు రెట్లు. కాబట్టి గర్భం కోసం చూసేటప్పుడే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.5 లోపు ఉండాలి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం నెల ముందు నుంచి. రుబెల్లా టీకా గర్భానికి ముందే. మూర్ఛకు వాల్‌ప్రొయేట్, మొటిమలకు ఐసోట్రెటినాయిన్, మానసిక ఆరోగ్యానికి లిథియం వాడుతుంటే సొంతంగా ఆపకుండా, గర్భానికి ముందే డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోవాలి. టిఫ్ఫా స్కాన్ 18, 22 వారాల మధ్య. షుగర్ ఉన్నా, కుటుంబంలో ఇదివరకు గుండె లోపం ఉన్నా విడిగా పిండం ఎకో కూడా.

టిఫ్ఫాలో అన్నీ కనబడవు. డక్టస్, పై గదుల మధ్య దారి కడుపులో అందరికీ తెరిచే ఉంటాయి. అందుకే పుట్టిన 24 గంటల తర్వాత, ఇంటికి పంపే ముందు, కుడి చేతికీ ఒక కాలికీ పల్స్ ఆక్సిమీటర్ పెట్టాలి. 95 లేదా అంతకు మించి ఉండి, చేతికీ కాలికీ తేడా 3 లోపు ఉంటే సరే. ఎక్కడైనా 90కి తక్కువైతే వెంటనే ఎకో. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ. బిడ్డ ఏడుస్తుంటే, కాలు చల్లగా ఉంటే, నీలి కాంతి చికిత్స లైటు కింద ఉంటే రీడింగ్ తప్పుతుంది. లైటు ఆపి, కాలు వెచ్చబరిచి, తరంగం నిలకడగా వచ్చాకే అంకె రాసుకోవాలి.